ఫోను బిల్లులో మనం అడగని పద్దు

ఫోను బిల్లులో మనం అడగని సేవకు వేసే పద్దు ఎప్పుడూ చిన్నదిగానే ఉంటుంది. మొత్తం పెద్దదైతే ఎవరైనా ఉలిక్కిపడి ఆరా తీస్తారు. నెలకు ముప్పయ్యో, నలభై తొమ్మిదో అయితే అదేదో పన్ను కాబోలు అనుకుని కట్టేస్తారు. ఈ వ్యాపారం బతికేదే ఆ అంచనా మీద. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, ఒకటి నొక్కి, రెండు నొక్కి, మనిషి గొంతు వినబడేదాకా కాచుకుని, ఆ మనిషికి కథంతా మొదటి నుంచి చెప్పుకురావడానికి పట్టే సమయం ఆ ముప్పై రూపాయల కంటే విలువైనదని వసూలు చేసేవారికీ తెలుసు, కట్టేవారికీ తెలుసు. మా బంధువర్గంలో ఇలాంటి తగాదాలు ఎవరికి వచ్చినా చివరికి నా దగ్గరకే చేరుతుంటాయి కాబట్టి, వాటిని నడిపించిన అనుభవంలో నాకు రూఢి అయిన సంగతి ఒకటి చెప్పాలి. ఆ సేవ మేము అడగలేదని ఎంత మొత్తుకున్నా పని జరగదు. మేము అడిగినట్టు మీ దగ్గర ఏ ఆధారం ఉందో చూపించండి అని నిలదీసినప్పుడే అవతలి గొంతు మారుతుంది.

తెనాలిలో ఉండే మా పిన్ని చాలా ఏళ్లు మీటల ఫోనే వాడింది. అపరిమిత కాల్స్ ప్లాన్లు రాకముందు మాట ఇది. రీఛార్జి చేయించిన కొద్ది రోజులకే బాలెన్సు కరిగిపోతుండటంతో ఆవిడ అనుమానం వీధి చివరి రీఛార్జి కొట్టులోని కుర్రవాడి మీద పడింది. "యాభై వెయ్యమంటే ముప్పయ్యే వేస్తున్నాడురా వాడు" అని నాతో చెప్పడమే కాక, చుట్టుపక్కల నాలుగిళ్లలోనూ చెప్పింది. ఆ కుర్రవాడి తప్పేమీ లేదు. ఫోనులో పేరుకుపోయిన ఎస్సెమ్మెస్‌లు తీసి చూస్తే భక్తి పాటల సేవ ఒకటి, రాశిఫలాల సేవ ఒకటి ఆవిడ నంబరు మీద నడుస్తున్నాయి. ఆ సందేశాలన్నీ ఇంగ్లీషులో ఉన్నందువల్ల పిన్ని వాటిని ఏనాడూ తెరవలేదు. ఎప్పుడో ఒక రికార్డింగ్ కాల్ వచ్చి, పాట వినిపించి, కావాలంటే ఫలానా మీట నొక్కండి అని చెప్పి ఉంటుంది. పిన్ని నేనేమీ నొక్కలేదంటుంది, కంపెనీ నొక్కారంటుంది. ఈ రెంటి మధ్య నిజం తేల్చడం బయటివాడికి సాధ్యం కాదు, అసలు తేల్చాల్సిన బాధ్యత కూడా పిన్నిది కాదు.

ఆ రోజుల్లో ఈ సేవలు అంటుకునే దారులు అనేకం ఉండేవి. తెర మీదికి ఉన్నట్టుండి ఒక సందేశం వచ్చి నిలబడేది, దాన్ని తొలగించుకుందామని ఓకే నొక్కితే అదే సమ్మతి కింద లెక్క. ఎవరికైనా ఫోన్ చేసినప్పుడు వినిపించే కాలర్ ట్యూన్ మధ్యలో, ఇదే పాట మీకూ కావాలంటే స్టార్ నొక్కండి అనే గొంతు దూరేది. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక పద్ధతి మరింత నాజూకైంది. మనం మొబైల్ డేటా మీద ఉన్నంతసేపూ మన నంబరు ఏమిటో నెట్‌వర్క్‌కు తెలుసు. ఆ వివరాన్ని సేవ అమ్మే వెబ్‌సైట్‌కు కూడా అందించే ఏర్పాటు ఉన్నచోట, పాస్‌వర్డు గానీ కార్డు నంబరు గానీ అడగకుండానే, ఒక ప్రకటన మీద వేలు తగిలినంత మాత్రాన ఫోను బిల్లులోకి పద్దు చేరిపోగలదు. అదే వైఫై మీద ఉంటే నంబరు నెట్‌వర్క్ నుంచి తెలియదు కాబట్టి నంబరు, ఓటీపీ అడగక తప్పదు. పిల్లల చేతికి ఆటల కోసం ఫోను ఇచ్చే ఇళ్లలో బిల్లు పెరగడానికి ఒక కారణం ఇక్కడుంది. అందుకే అలాంటి సమయంలో మొబైల్ డేటా ఆపి వైఫై మీద ఉంచమని నేను మా వాళ్లకు చెబుతుంటాను.

టెలికాం నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్ ఈ విషయంలో చేతులు ముడుచుకుని కూర్చోలేదని ఒప్పుకోవాలి. 2011 జూలైలో ఒక ఆదేశం ఇచ్చింది, అది చాలక 2013 జూలైలో ఇంకొకటి ఇచ్చింది. వాల్యూ యాడెడ్ సర్వీసులని కంపెనీలు పిలుచుకునే ఈ పాటలనూ, జాతకాలనూ, క్రికెట్ స్కోర్లనూ ఏ దారిలో అమ్మినా సరే, వినియోగదారు మొదటిసారి సరేనన్న తరువాత రెండోసారి కూడా స్పష్టంగా సమ్మతి తీసుకోవాలని, అది లేకుండా డబ్బు తీసుకోకూడదని ఆ రెండో ఆదేశం సారాంశం. నడుస్తున్న సేవలను ఆపించుకోవడానికి అన్ని కంపెనీలకూ కలిపి 155223 అనే ఉచిత నంబరు వచ్చింది. ఆ నంబరుకు స్టాప్ అని ఎస్సెమ్మెస్ పంపినా, ఫోన్ చేసినా మన పేరున ఏమేం నడుస్తున్నాయో తెలుస్తుంది, అక్కరలేనివి ఆపమని చెప్పవచ్చు. పిన్ని ఫోను నుంచి నేను మొదట చేసిన పని అదే. తగాదా తరువాత తీరిగ్గా పెట్టుకోవచ్చు గానీ, కారుతున్న కుళాయిని ముందు కట్టేయాలి కదా.

ఇన్ని ఆదేశాలుండగా ఈ దందా అన్నేళ్లు ఎలా నడిచిందన్న ప్రశ్నకు జవాబు వాటాల్లో ఉందని నా అభిప్రాయం. పాటనో జాతకాన్నో అమ్మే సంస్థ వేరు, బిల్లు వేసే ఫోను కంపెనీ వేరు, వసూలైన సొమ్ములో ఇద్దరికీ భాగం ఉంటుంది. తన ఖాతాదారును మోసం నుంచి కాపాడవలసిన కంపెనీకే ఆ మోసంలో రాబడి ఉన్నప్పుడు కాపలా ఎంత గట్టిగా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇది మన దేశపు జాడ్యం మాత్రమే అనుకునేవారు అమెరికా సంగతి చూడాలి. అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014 జూలైలో టీ-మొబైల్ అనే ఫోను కంపెనీ మీద దావా వేసింది. జాతకాలు, ప్రేమ చిట్కాలు, సినీ తారల కబుర్లు ఎస్సెమ్మెస్‌లుగా పంపుతామంటూ సాధారణంగా నెలకు 9.99 డాలర్ల చొప్పున, అడగని వారి బిల్లుల్లో కూడా పద్దులు పడ్డాయని, ఆ వసూళ్లలో 35 నుంచి 40 శాతం దాకా ఫోను కంపెనీయే ఉంచుకున్నదని ఆరోపించింది. ఆ పద్దు బిల్లులో ఎక్కడ ఉందో కనిపెట్టడం కూడా కష్టమేనని, పూర్తి బిల్లు యాభై పేజీలు దాటవచ్చని ఆ దావాలోనే ఉంది. అదే ఏడాది అక్టోబరులో ఇలాంటి ఆరోపణల మీదే ఏటీ అండ్ టీ అనే మరో ఫోను కంపెనీ 10.5 కోట్ల డాలర్లకు, డిసెంబరులో టీ-మొబైల్ కనీసం 9 కోట్ల డాలర్లకు రాజీ పడ్డాయి. తెనాలిలో మా పిన్నికీ అక్కడి గృహస్థులకీ ఒకే సరుకు, అంటే రాశిఫలాలు, అంటగట్టారన్నది నాకు ఇప్పటికీ నవ్వు తెప్పించే విషయం. అక్కడ చదువుకునే మన పిల్లలు నలుగురైదుగురు కలిసి ఒకే ఫ్యామిలీ ప్లాన్ తీసుకుని, బిల్లు కట్టే బాధ్యత ఒకరికి అప్పగించి, మొత్తాన్ని తలా ఇంత అని పంచుకోవడం మామూలే. అలా పంచుకున్నప్పుడు ఎవరి నంబరు మీద ఏం పడిందో ఎవరూ చూడరు, పది డాలర్లు నలుగురిలో కలిసిపోతాయి.

మన దగ్గర ప్రీపెయిడ్ వారికి ఈ బెడద ఇప్పుడు బాగా తగ్గింది. అయితే అది కంపెనీల మనసు మారడం వల్ల అని నేను నమ్మను. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత కాల్స్, డేటా, గడువు అన్నీ కలిపి ఒకే మొత్తానికి అమ్మే ప్లాన్లు రావడంతో, చాలామంది ఫోన్లలో విడిగా కరిగిపోయే మెయిన్ బాలెన్సు అనేదే లేకుండా పోయింది. పెట్టెలో డబ్బు లేనప్పుడు దొంగిలించడానికి ఏమీ ఉండదు. పోస్ట్‌పెయిడ్ వారి సంగతి వేరు, వారి బిల్లు తలుపు తెరిచే ఉంటుంది. అంతర్జాతీయ నంబరు నుంచి ఒక్క రింగు ఇచ్చి పెట్టేసి, మనం తిరిగి చేస్తే నిమిషానికి పెద్ద మొత్తం లాగే మిస్డ్ కాల్ మోసం కూడా వారికే ఎక్కువ తగులుతుంది. విదేశాలకు ఫోన్ చేసే అవసరం లేనివారు ఐఎస్‌డీ సౌకర్యం ఆపించుకుంటే సరిపోతుంది.

పోస్ట్‌పెయిడ్ బిల్లులో పడిన ఒక ఆటల సేవ మీద నేను స్వయంగా నడిపిన వ్యవహారం ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో ప్రతి మెట్టూ మిగిలినవారికి కూడా అదే వరసలో ఎదురవుతుంది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. సమాచారం కోసం ఒక నంబరు, ఫిర్యాదు కోసం వేరే నంబరు ఉంటాయని చాలామంది గమనించరు. ఫిర్యాదుకు 198, అది ఉచితం. అక్కడ మాట్లాడిన ప్రతిసారీ ఒక డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు సంఖ్య, ఇవ్వాలి, అది ఎస్సెమ్మెస్‌గా రావాలి. ఆ నంబరు లేని ఫిర్యాదు నోటిమాటతో సమానం. మొదటి అధికారిణి ఎంతో మర్యాదగా మాట్లాడి, సేవను ఆపేశాననీ, ఇక ముందు రాదనీ చెప్పి, డాకెట్ నంబరు ఊసెత్తకుండా ముగించబోయింది. ఆపడం మీ బాధ్యత, తిరిగివ్వడం నా ఫిర్యాదు, ఆ రెండోది నమోదు చేసి నంబరు పంపండి అని అడగవలసి వచ్చింది.

తరువాత వచ్చిన జవాబు నేను అనుకున్నదే. మీ నంబరు నుంచే సేవ మొదలైందని మా రికార్డులో ఉందండీ అన్నారు. సరే, రికార్డు ఉంది కాబట్టి అందులో ఉన్నది నాకు మెయిల్ చేయమని అడిగాను. మొదటి సమ్మతి ఏ తేదీన, ఏ సమయానికి, ఎస్సెమ్మెస్ ద్వారానా, కాల్ ద్వారానా, ఇంటర్నెట్ ద్వారానా వచ్చింది, రెండో సమ్మతి ఎప్పుడు, ఏ రూపంలో వచ్చింది, సేవ మొదలైందని నాకు పంపిన సందేశం ఏది అన్న ప్రశ్నలు వరసగా రాసి పంపాను. అందులో కోపం గానీ, వినియోగదారుల హక్కుల మీద ఉపన్యాసం గానీ లేవు. దానికి జవాబుగా రికార్డు రాలేదు, ప్రత్యేక సందర్భంగా భావించి ఒక నెల ఛార్జీ మాఫీ చేస్తున్నామన్న సందేశం వచ్చింది. ఈ ప్రత్యేక సందర్భం అనే మాటను నేను చాలా బిల్లుల తగాదాల్లో చూశాను. తప్పు ఒప్పుకోకుండా తగాదా మాన్పించడానికి అది కంపెనీలకు అలవాటైన మార్గం. ఒక నెలతో సరిపెట్టుకోక, ఆ పద్దు మొట్టమొదట పడిన నెల నుంచి లెక్కవేసి, దాని మీద వేసిన 18 శాతం జీఎస్‌టీతో సహా అడగాలి. పన్ను సంగతి అడగకపోతే వారు తమంతట తాము గుర్తుచేయరు.

నాకు పూర్తి మొత్తం ఆ తరువాతి బిల్లులో జమ అయింది, సమ్మతి రికార్డు మాత్రం ఈనాటికీ రాలేదు. పిన్ని విషయంలో కూడా అంతే జరిగింది, డబ్బు బాలెన్సుగా తిరిగి వచ్చింది, ఆధారం రాలేదు. ఆవిడ ఆ కుర్రవాడి దగ్గరికి వెళ్లి ఏమందో నాకు తెలియదు గానీ, ఆ కొట్టులోనే రీఛార్జి చేయించుకోవడం మాత్రం కొనసాగించింది.

పోస్ట్‌పెయిడ్‌లో తగాదా నడుస్తున్నంతకాలం బిల్లు కట్టాలా వద్దా అన్న ప్రశ్న అందరూ అడుగుతారు. మొత్తం ఆపేస్తే అవుట్‌గోయింగ్ ఆగిపోయి, తగాదా మన వైపు నుంచే బలహీనపడుతుంది. మనం ఒప్పుకునే మొత్తాన్ని గడువులోగా కట్టి, ఒప్పుకోని పద్దును దాని మొత్తంతో సహా మెయిల్లో పేర్కొని, ఇది వివాదంలో ఉందని డాకెట్ నంబరుతో రాసి ఉంచడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. ప్రీపెయిడ్ వారికి బిల్లే ఉండదు కాబట్టి ఖర్చు వివరాలు కావాలంటే అడిగి తీసుకోవాలి. గత ఆరు నెలల లోపు కాలానికి పద్దుల వారీ వివరం ఇవ్వాలని 2012 నాటి ట్రాయ్ నిబంధనల్లో ఉంది, అందుకు కంపెనీ యాభై రూపాయలకు మించకుండా రుసుము తీసుకోవచ్చు. ముప్పై రూపాయలు ఎటు పోయాయో తెలుసుకోవడానికి యాభై కట్టే ఏర్పాటు ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, తగాదా పెద్దదైతే ఆ కాగితం పనికివస్తుంది.

198 దగ్గర తేలని ఫిర్యాదును అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి పంపవచ్చు. రుసుము లేదు, మెయిల్ చేస్తే చాలు, ముప్పై రోజుల్లోగా పంపాలి, వారు 39 రోజుల్లోగా తేల్చాలి. అక్కడ సలహా ఇచ్చే కమిటీలో కంపెనీ మనిషితో పాటు వినియోగదారుల సంఘం నుంచి ఒకరు ఉంటారు. చాలామంది ఈ మెట్టు ఎక్కకుండానే నేరుగా ట్రాయ్‌కు రాస్తారు. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను విచారించదు, వచ్చిన ఉత్తరాన్ని కంపెనీకే పంపుతుంది. కాబట్టి అది చుట్టు తిరిగి అదే గుమ్మానికి చేరుతుంది. నా అనుభవంలో చిన్న మొత్తాలు ఈ అప్పీలు అన్న మాట రాయగానే చాలావరకు పరిష్కారమవుతాయి.

అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. ఈ తలుపు ఈనాడు తెరిచి ఉండటం వెనుక ఒక పెద్ద కథ నడిచింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలో 7బి అనే సెక్షన్ ప్రకారం ఫోను బిల్లు తగాదాలు కేంద్ర ప్రభుత్వం నియమించే మధ్యవర్తి దగ్గరే తేలాలని ఉండేది. దాన్ని ఆధారం చేసుకుని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరులో, ఎం. కృష్ణన్ కేసులో, టెలిఫోన్ బిల్లుల విషయంలో వినియోగదారుల ఫోరాలకు, అంటే ఇప్పటి కమిషన్లకు, అధికారం లేదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చిన నాటి నుంచి కంపెనీల న్యాయవాదులు ప్రతి జిల్లా ఫోరంలోనూ దాన్నే మొదటి అభ్యంతరంగా పెడుతూ వచ్చారు. అహ్మదాబాదులో అజయ్ కుమార్ అగర్వాల్ అనే వోడాఫోన్ పోస్ట్‌పెయిడ్ ఖాతాదారు ఉన్నారు. ఆయన నెల అద్దె 249 రూపాయలు, సగటు బిల్లు 555 రూపాయలు. 2013 నవంబరు 8 నుంచి డిసెంబరు 7 వరకు వచ్చిన బిల్లు 24,609 రూపాయల 51 పైసలు. ఆయన కనెక్షను క్రెడిట్ కార్డుతో ఆటో పేలో, అంటే బిల్లు డబ్బు కార్డు నుంచి దానంతట అదే పోయే ఏర్పాటులో, నమోదై ఉంది. 2014 మే నెలలో ఆయన జిల్లా ఫోరంకు వెళితే కంపెనీ అదే అభ్యంతరం పెట్టింది, ఫోరం దాన్ని తోసిపుచ్చింది, రాష్ట్ర కమిషను తోసిపుచ్చింది, జాతీయ కమిషను కూడా తోసిపుచ్చింది. చివరికి 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, టెలిగ్రాఫ్ చట్టంలోని మధ్యవర్తి ఏర్పాటు వినియోగదారుల ఫోరాల అధికారాన్ని తొలగించదని తేల్చింది.

ఈ తీర్పు గురించి వార్తల్లో గొప్ప విజయమని రాశారు, అందులో తప్పు లేదు. కానీ దాదాపు ఎనిమిదేళ్లు నడిచిన ఈ వ్యాజ్యంలో అప్పటికి తేలింది, ఆ ఫిర్యాదును వినే అధికారం జిల్లా ఫోరంకు ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న. బిల్లు సరైనదా కాదా అన్నది ఆ తరువాత విచారించవలసిన విషయంగానే మిగిలింది. ముప్పై రూపాయల కోసం ఎవరూ అంత దూరం వెళ్లలేరు, వెళ్లనక్కరలేదు కూడా. ఆయన వెళ్లినందువల్ల ఇప్పుడు మనం పంపే మెయిల్లో వినియోగదారుల కమిషన్‌కు వెళతామన్న వాక్యానికి బరువు వచ్చింది. ఫిర్యాదు మనం ఉంటున్న ఊరి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, అయిదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, కారణం ఏర్పడిన రెండేళ్లలోగా వేయాలి. అంతకంటే ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పి చూడటం మేలు, అక్కడ తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

అగర్వాల్ కేసులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆటో పే. ఇప్పుడు కార్డుల ద్వారా జరిగే ఇలాంటి చెల్లింపులకు రిజర్వు బ్యాంకు నిబంధనలున్నాయి. డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందుగా మనకు సందేశం రావాలి, నెల నెలా మారే మొత్తాలకు గరిష్ఠ పరిమితిని మనమే పెట్టుకునే అవకాశం ఉండాలి. ఆటో పే ఏర్పాటు చేసుకునేటప్పుడు చాలామంది ఆ గరిష్ఠ పరిమితి గడిలో తెర మీద కనిపించిన అంకెనే, అది అయిదు వేలైనా పదిహేను వేలైనా, అలాగే వదిలేసి ముందుకు వెళతారు. నేను మా ఇంటి పోస్ట్‌పెయిడ్ నంబర్లన్నింటికీ పన్నుతో కలిపిన నెల అద్దె కంటే వంద రూపాయలు మాత్రమే ఎక్కువగా ఆ పరిమితి పెట్టాను. బిల్లు దాన్ని దాటిన నెలలో డబ్బు దానంతట అది పోదు, నేను బిల్లు తెరిచి, ఎక్కువైంది ఏమిటో చూసి, చేత్తో కట్టవలసి వస్తుంది.